తరంగంలో పడ్డ ఇటుకలు

కూచిపూడిలో ఒక సాయంత్రం, ఒక పద్నాలుగేళ్ల పిల్ల ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని, వీడియో గేము సంగీతానికి నాట్యం చేసింది. నాకు తెలిసినంతలో ఆ ఊళ్లో అలాంటిది అంతకు ముందు జరగలేదు. తప్పెవరిదని తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు, మొత్తం నాదే. ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా అక్క మాత్రం ఇంకా నవ్వలేదు.

ముందు నా సంగతి. గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో చీరలు చూపించడం నా పని. పదో తరగతితో బడి మానేశాను గానీ గ్రంథాలయం మానలేదు. సెలవు దొరికితే అక్కడే ఉంటాను. ఖగోళం, ఆయుర్వేదం, తేనెటీగల పెంపకం, ఏది చేతికొస్తే అది చదివాను. తేనెటీగలు నాకు లేవు. ఎవరికైనా ఉంటే సలహా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అది వేరే విషయం.

ఇంతటి చదువరి నలభై దాటాక వీడియో గేము కొన్నాడంటే దాని వెనక ఒక పాత బాధ ఉంది. చిన్నప్పుడు సెలవులకి పామర్రు వెళ్లేవాళ్లం. అక్కడ మా పెద్దనాన్న కొడుకు శేషు దగ్గర చేతిలో పట్టుకుని ఆడే ఇటుకల ఆట ఉండేది. పైనుంచి రకరకాల ఆకారాల ఇటుకలు పడుతుంటాయి. వాటిని తిప్పి తిప్పి సందుల్లో పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది, నిండకపోతే గోడ పెరిగి పెరిగి పైకప్పుకి తగిలి ఆట అయిపోతుంది. వాడు ఆడేవాడు, నేను వాడి భుజం మీదుగా చూసేవాణ్ణి. "ఒక్కసారి ఇవ్వరా" అంటే, "ఈ ఆట అవనీరా" అనేవాడు. వాడు బాగా ఆడేవాడు. ఆ ఆట అయ్యేలోపు నా సెలవులు అయిపోయేవి.

కాబట్టి రెండేళ్ల కిందట, అచ్చం ఆ కాలం దానిలాగే చేసిన కొత్త డబ్బా ఆన్‌లైన్‌లో కనబడగానే కొనేశాను. అదే బూడిద రంగు. ఎడమ బొటనవేలికి కూడిక గుర్తు ఆకారంలో ఒక బొత్తం, కుడి బొటనవేలికి రెండు ఎర్ర బొత్తాలు. లోపల మాత్రం ఈ కాలపు సరుకు. వందలకొద్దీ ఆటలున్నాయన్నారు, నేను ఆడింది ఒక్కటే. బొత్తం నొక్కితే టక్కుమని లోపలికి వెళ్లి మళ్లీ పైకొస్తుంది. ఫోను అద్దం మీద వేలు రాస్తే ఏం సుఖం చెప్పండి, పప్పు గిన్నె తుడిచినట్టుంటుంది. ఇది చొక్కా జేబులో పడుతుంది, బస్సులో ఎండ పడినా తెర కనబడుతుంది, పొద్దున చార్జి పెడితే సాయంత్రం దాకా నిలబడుతుంది. పైగా పాటలు కూడా పాడుతుంది. మన పని ఏదో మనం చేసుకుంటుంటే దాని పాట అది పాడుతూనే ఉంటుంది. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

దుకాణంలో ఆ డబ్బా నేను కూర్చునే పరుపు మడత కింద ఉండేది. ఒకసారి ఒకావిడ, "ఇంతకంటే పెద్ద బోర్డరు లేదా అండీ?" అని అడిగితే, "తర్వాతి లెవెల్లో ఉందండీ" అన్నాను. ఆవిడ పై అంతస్తు అనుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన మా షావుకారు గారు బనీను మీద భోజనం చేస్తున్నారు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఇక అసలు కథ. మా సుగుణక్క కూతురు లహరి. ఆదివారాలు కూచిపూడి వెళ్లి ఒక మాస్టారి దగ్గర నాట్యం నేర్చుకుంటుంది. మాస్టారు పెద్దాయన, మాట తక్కువ. ఆయన మెచ్చుకోవడమంటే తిట్టకుండా ఊరుకోవడమే. ఆ రోజు లహరి మొదటిసారి వేదిక మీద ఒంటరిగా తరంగం చేయాలి. అది బాగా చేస్తే మాస్టారు తన బృందంలోకి తీసుకుంటారు. లేకపోతే మళ్లీ చిన్నపిల్లల వరసలో ఇంకో ఏడాది. బృందంలో చేరాలని ఆ పిల్ల ఆ పళ్ళెం మీద ఎన్ని నెలలు నిలబడిందో, అరికాళ్లు చూస్తే తెలుస్తుంది.

తరంగంలో పాట సగమయ్యాక అమ్మాయి పళ్ళెం అంచు మీద కాళ్లు బిగించి, తల మీద నీళ్ల చెంబుతో, పళ్ళేన్నే జరుపుకుంటూ ఆడాలి. నీళ్లు ఒలకకూడదు. పాట పూర్తయ్యేదాకా పళ్ళెం దిగకూడదు. ఈ సంగతి నేను గ్రంథాలయంలో చదివి లహరికి వివరంగా చెప్పాను. "తెలుసు మావయ్యా, రోజూ చేసేది నేనే కదా" అంది. అయినా చెప్పాను.

పక్క వాద్యాలను రప్పించే వీలు లేక, మాస్టారు పాడిన పాటనే రికార్డు చేయించుకున్నారు. అది దేంట్లో పెట్టి వినిపించాలన్న చర్చ అక్క వాళ్లింట్లో వచ్చింది.

"నా ఫోన్లో పెట్టేద్దాం" అన్నాడు మా బావ వెంకట్రావు.

"మధ్యలో ఎవరో చేసి 'లోను కావాలా సార్' అంటే?" అన్నాను.

"ఫ్లైట్ మోడ్‌లో పెడతాలేరా."

"పెట్టడం మర్చిపోతావు బావా. ఫోను ఏకాగ్రతకి శత్రువు. మనిషి మనసు ఒకేసారి రెండు పనులు చేయలేదు. దీని మీద పెద్ద పుస్తకమే ఉంది, నేను..."

"మొదలెట్టాడు" అంది అక్క.

నేను జేబులోంచి డబ్బా తీశాను. "దీనికి ఫోన్లు రావు, మెసేజులు రావు. పాట పెడితే పాటే."

లహరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నిజంగా ఆగదు కదా మావయ్యా? అప్పుడు నేను పళ్ళెం మీదుంటాను."

"పూచీ నాది. పక్కనే కూర్చుని కాపలా కాస్తాను."

దొంగతనం జరిగిన ప్రతి చోటా ఇలాంటి కాపలావాడే ఉండి ఉంటాడు.

హాలు చిన్నది, నిండుగా ఉంది. వేదిక పక్కన సౌండు పెట్టెల దగ్గర సత్తిబాబు అనే అతను కూర్చున్నాడు. నా డబ్బాకి వైరు తగిలిస్తూ, "ఇదేంటండీ, సబ్బుపెట్టెకి కన్నాలు పెట్టినట్టుంది" అన్నాడు. నేను దాని గుణగణాలు చెప్పబోయాను. అతను వేరే వైరు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. మాస్టారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పాట మొదలైంది. మాస్టారి గొంతు హాలంతా గంభీరంగా పరుచుకుంది. లహరి అడుగు పెట్టింది. బ్రహ్మాండంగా చేస్తోంది. పాట దాని దారిన అది నడుస్తోంది, నాకు చేయడానికి ఏమీ లేదు. చేయడానికేమీ లేనివాడి చేతిలో ఇటుకల ఆట ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

"పాట నడుస్తుండగా ఆట తెరుచుకుంటుందో లేదో చూద్దాం" అనుకున్నాను. శాస్త్రీయ పరిశీలన అన్నమాట. తెరుచుకుంది. మర్యాదగా దాని మోత పూర్తిగా తగ్గించాను. ఒక వరస నిండింది. ఇంకోటి నిండింది. డబ్బా పై అంచున ఒక చిన్న బొత్తం ఉంటుంది, నొక్కితే ఆట వేగం పెరుగుతుంది. రికార్డు కొట్టాలంటే అది నొక్కాలి. నొక్కాను.

ఆ బొత్తం ఆటనే కాదు, డబ్బాలో నడిచే సమస్తాన్నీ పరుగెత్తిస్తుందని దాంతో వచ్చిన కాగితంలో ఉందట. తేనెటీగల గురించి రెండు సంపుటాలు చదివినవాడికి ఆ కాగితం చదివే తీరిక దొరకలేదు.

సరిగ్గా అప్పుడే లహరి పళ్ళెం ఎక్కింది. పాట ఉరుకు అందుకుంది. మాస్టారి గొంతు కోడిపిల్ల గొంతయింది. ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే కాళ్ల వేగం పెంచింది. జనం ఇదేదో కొత్త విద్య అనుకుని చప్పట్లు కొట్టారు. తల వంచుకుని ఉన్న నాకు ఆ చప్పట్లు విని కొత్త ఉత్సాహం వచ్చింది. బాగానే ఆడుతున్నాను కదా అనుకున్నాను.

బావ నడుం వంచి పరుగున వచ్చాడు. "ఒరేయ్! మాస్టారి గొంతు అట్టా అయిందేంట్రా?"

తలెత్తి విన్నాను. వేగం తగ్గించాలని అదే బొత్తం మళ్లీ నొక్కాను. అది తగ్గించేది కాదు, ఇంకా పెంచేది. ఇప్పుడు పాటలో మాటలు లేవు, దోమ ఒకటి హరికథ చెబుతున్నట్టుంది. భయపడి ఉన్న బొత్తాలన్నీ నొక్కాను. వేగం దిగింది. పాట ఆగిపోయింది. దాని బదులు, ఇందాక నేను తగ్గించిన ఆట మోత పూర్తిస్థాయిలో లేచింది. టింగు టింగు టిటింగు టింగు. హాలు నాలుగు మూలలా.

లహరి వేదిక మీద నుంచి నా వైపు చూసింది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్లు నన్ను చంపుతున్నాయి. నవరసాల్లో రెండింటిని ఒకే ముఖంలో ఒకేసారి నేను చూడటం అదే మొదలు. అయినా కాళ్లు ఆపలేదు. టింగు టింగుకే పళ్ళెం జరుపుతోంది.

సత్తిబాబు పరుగున వచ్చి వైరు పీకేశాడు. హమ్మయ్య అనుకునేలోపు డబ్బా తన సొంత స్పీకరుతో కీచుమని అందుకుంది. పక్కనే అనౌన్సరు మైకు తెరిచే ఉంది. ఆ కీచులన్నీ మైకులోంచి మళ్లీ హాల్లోకి వచ్చాయి. ఇక డబ్బాని చొక్కాలో దాచి దాని మీద బోర్లా పడుకుందామనుకున్నాను.

"ఆపకు!"

మాస్టారు లేచి నిలబడ్డారు. రెండంగల్లో నా దగ్గరికొచ్చారు.

"ఆపావంటే పిల్ల కాలు తడబడి పడిపోద్ది. లయ పట్టుకుంది, అదే వాయించు."

"ఇది వాద్యం కాదండీ, మాస్టారూ, ఆట. ఆడితేనే మోగుతుంది. ఓడిపోతే ఆగిపోతుంది."

"అయితే ఓడిపోకు" అన్నారాయన. మైకు అందుకుని, చేత్తో తాళం వేస్తూ, ఆ టింగు టింగు మీదే జతులు చెప్పడం మొదలుపెట్టారు.

నా జీవితంలో నా ఆట ఇంకొకరికి అవసరపడటం అదొక్కసారే. తెరలో గోడ అప్పటికే సగం పైకి వచ్చేసింది. గోడ పెరిగిన కొద్దీ సంగీతం తొందరపడుతుంది, సంగీతం తొందరపడితే లహరి తొందరపడాలి. నేనొక్క ఇటుక తప్పుగా పెడితే అక్కడ నీళ్లు ఒలుకుతాయి. చెమట కళ్లల్లోకి దిగుతోంది. బావ నా భుజం మీద నుంచి తెరలోకి దూరిపోయాడు.

"ఎల్ ఆకారంది వచ్చింది, ఎడంపక్క పెట్టు! ఎడంపక్కరా!"

"నన్ను ఆడనీ బావా!"

"నిలువుది వస్తే నాలుగు వరసలు పోతాయి. సందు మూసెయ్యకు!"

"ఏవండీ, మీరు కూడానా!" అంది అక్క వెనక వరసలోంచి. ఆ మాట హాలంతా వినబడింది.

"ఇంకొక్క ఆవర్తం!" మాస్టారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చెప్పారు. గోడ పైకప్పుకి వేలెడు దూరంలో ఉంది. అప్పుడు వచ్చింది నిలువుది. సందులో దించాను. నాలుగు వరసలు ఒక్కసారిగా మాయమయ్యాయి. బావ "అదీ!" అని నా వీపు మీద చరిచాడు. ఆ దెబ్బకి తర్వాతి ఇటుకలు ఇష్టమొచ్చిన చోట పడ్డాయి. మాస్టారు "తధిగిణతోం, తధిగిణతోం" అంటున్నారు. మూడో "తోం" మీద లహరి పళ్ళెం దిగి నిలబడింది, ఇక్కడ నా ఆట ఢాం అని ముగిసింది. రెండూ ఒకే దెబ్బలో.

చెంబులోంచి చుక్క ఒలకలేదు.

హాలు లేచి చప్పట్లు కొట్టింది. నా తెర మీద "కొత్త రికార్డు" అని వెలిగింది. చెప్పుకోవడానికి అది సందర్భం కాదనిపించి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత గ్రీన్‌రూమ్‌లో అందరం నిలబడ్డాం. లహరి గజ్జెలు విప్పకుండా ఏడుస్తోంది.

"అంతా పోయింది మావయ్యా. నీవల్లే" అంది.

"ఏకాగ్రతంట, పెద్ద పుస్తకమంట" అంది అక్క. "తోడబుట్టినోడివని ఊరుకున్నాను గానీ, ఆ చెంబు నీ నెత్తిన వేసేదాన్ని."

బావ తప్పంతా నాదేనన్నట్టు తలాడించాడు. నాలుగు వరసలకి "అదీ!" అన్నవాడు ఈయనేనా అనిపించింది.

మాస్టారు లోపలికొచ్చారు. ఆయన లహరి ముందు ఆగి, "వచ్చే ఆదివారం నుంచి బృందంలో పెద్దపిల్లలతో పాటు రా" అన్నారు. ఆ పిల్లకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "కానీ మాస్టారూ, పాట..." అంది.

"పాట సరిగ్గా ఉంటే అందరూ ఆడతారమ్మా. నువ్వు పాట పోయాక ఆడావు."

లహరి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. అక్క కళ్లు తుడుచుకుంది. సంతోషంలో నా సంగతి మర్చిపోయారనుకుని నేను మెల్లగా గుమ్మం వైపు జరిగాను.

"నువ్వాగవయ్యా" అన్నారు మాస్టారు. "చీరల కొట్లో పని కదూ? ఆదివారాలు సెలవేనా?"

"సెలవేనండీ."

"ప్రతి ఆదివారం ఆ పెట్టె తీసుకుని క్లాసుకి రా. పిల్లలు పళ్ళెం ఎక్కగానే పక్కన కూర్చుని ఇట్టాగే పాడుచెయ్యి. తాళం నేర్పడానికి నేనున్నాను. బెదరకుండా ఉండటం నేర్పడానికి నీ అంత పనికొచ్చేవాడు నాకింతవరకూ దొరకలేదు."

అందుచేత, చదువుతున్న మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కళాకారిణి ఏకాగ్రతకీ భంగం కలిగించను. ఆదివారాలు మినహాయించి. అది కూడా, మాస్టారు కనుసైగ చేశాకే.