మట్టి తినని గుడ్డ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సూరత్‌కు వలసొచ్చిన తెలుగు నేత ఇంట్లో పుట్టి, అక్కడి మగ్గాల చప్పుడులో పెరిగినవాణ్ణి, బట్ట గురించి నాకొకరు చెప్పేదేమిటి అనుకునేవాణ్ణి. మా ఆఫీసులో పదిహేనేళ్లుగా నన్ను మెచ్చుకుంటూ చెప్పుకునే కథ ఒకటుంది. నెత్తి నెరిసింది కనుక ఇప్పటికైనా అసలు జరిగింది చెప్పేస్తాను.

నేల ఆరోగ్యం మీద పరిశోధన చేసే చోట సహాయకుడిగా చేరాను. మా మేడం పరీక్ష సులువే. తెల్లటి నూలు గుడ్డను పొలంలో పాతి రెండు నెలలకు తవ్వి తీయాలి. నేలలో సూక్ష్మజీవులుంటే గుడ్డను తినేస్తాయి. ఎంత చివికితే నేల అంత బాగున్నట్టు. "గుడ్డ నేను తెస్తాను మేడం, మాది నేతిల్లు" అన్నాను. (ఆవిడ నమ్మారు. ఎవరైనా నమ్ముతారు.) సూరత్ శివారు బమ్రోలిలో మా మేనమామ పనిచేసే కార్ఖానా నుంచి తెల్లని ముక్కలు ఏరుకొచ్చి, ఊరి బయట ఒక కాకా పొలంలో పాతాను. (అక్కడ పెద్దవాళ్లందరూ కాకాలే.) అతివృష్టినైనా, అనావృష్టినైనా తట్టుకునే నేల కావాలని ఆయన మూడేళ్లుగా యూరియా మానేసి పేడ, ఆకుచెత్తలతోనే సాగు చేస్తున్నాడు. కొడుక్కి అది నచ్చలేదు. "బాపూ, ఈ గుడ్డ మురగకపోతే మళ్లీ యూరియానే" అని షరతు పెట్టాడు.

తవ్వితే గుడ్డలు పెట్టినవి పెట్టినట్టే వచ్చాయి. దులిపితే తళతళలాడాయి, చొక్కా కుట్టించుకోవచ్చు. మేడం "జీవం లేదు" అని రాసుకున్నారు. కాకా గట్టు మీద కూలబడి, "మూడేళ్లు తిండి పెట్టాను దీకరా, ఒక్క ముద్దయినా ముట్టలేదా?" అన్నాడు. (నన్నూ కొడుకనే పిలిచేవాడు.) అసలు కొడుకు యూరియా బస్తా కోసం బైకు తీస్తున్నాడు.

ఆ గుడ్డ ఇంటికి తెచ్చి మామకు చూపించాను. వేళ్ల మధ్య నలిపి పడీపడీ నవ్వాడు. "ఏందిరా, గిది నూలు బట్టనుకున్నవా? మన మగ్గం మీద పత్తిపోగు ఎక్కి ఎన్నేండ్లయింది! గిది పాలిస్టర్ రా, చెదలు గూడ ముట్టయి. నేతోల్ల పోరగాన్నని ఎక్కడ చెప్పకు జర!"

మర్నాడు నిజం చెబుదామనే వెళ్లాను. మేడం ముఖం చూడగానే ఉద్యోగం గుర్తొచ్చింది. "ఇంకోసారి చూద్దాం మేడం" అని మాత్రం అన్నాను. కాకా కొడుకును గడ్డం పట్టుకుని బతిమాలి బస్తా విప్పకుండా ఆపాను. మామ ఊరి నుంచి కట్టుకొచ్చిన పంచె (మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నూలు గుడ్డ) చింపి పాతాను. (ఆయన తిట్లు ఇక్కడ రాయలేను.) ఈలోగా కాకా, నేలకు జబ్బు చేసిందనుకుని, ఇంట్లో చిలికిన మజ్జిగంతా పొలానికి మోశాడు. రెండు నెలలకు తవ్వితే పంచెలో జరీ అంచు తప్ప ఏమీ మిగల్లేదు. కాకా కళ్లు తుడుచుకుని "మజ్జిగ మహిమ!" అన్నాడు. చచ్చిన నేలను పట్టు విడవకుండా బతికించిన కుర్రాడని మేడం నన్ను పొగిడారు. తల వంచుకుని నిలబడితే దాన్నీ వినయమనుకున్నారు.

ఆ నేలకు ఏ జబ్బూ లేదు. మొన్న వెళ్లి కాకాకు అదంతా చెప్పేశాను. ఆ ఇంటి మజ్జిగ ఇప్పటికీ పొలానికే వెళ్తోంది మరి. ఆయన వంటింటి వైపు తిరిగి, "ఇవాళ్టి నుంచి మజ్జిగ ఇంట్లోనే ఉంచు" అన్నాడు. కాకా భార్య, కాకీ, కుండ పట్టుకుని బయటికి వచ్చింది. "పదిహేనేళ్లు!" అంది నా వైపే చూస్తూ. మొగుడికి పోసింది, కొడుక్కి రెండుసార్లు పోసింది, తనూ ఒక గ్లాసు నింపుకుంది. నాకు మంచినీళ్లిచ్చింది.

బుద్ధిగా తాగాను. నేతిల్లని గొప్పలు పోయిన ఆ కుర్రాడికి అవే ఎక్కువ.