పక్క అంగడివాడి మాట

ఐదారేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. అంగడి మనిషిని, తూచడం వచ్చు గానీ మోయడం చేతకాదు. నా పేరు అడగకండి. కర్నూలు పాతబస్తీలో స్టీలు సామాన్ల అంగడి, అంతవరకు చాలు.

పక్కది ఖాజా అంగడి. దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ. "ఈయప్ప గిన్నెల ధర విన్నోళ్ళు నా పరుపు మింద పడాల్సిందే" అని నా గిరాకీల ముందే ఎగతాళి చేసేవాడు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

కరోనా తరువాత మా వీధి తెరుచుకుంది, ఖాజా తేరుకోలేదు. మూసిన అంగట్లో చెమ్మ పట్టి, ఎలుకలు చేరి, దూదంతా పాడైపోయింది. కొత్త సరుకు కోసం బ్యాంకులో లోను అడిగాడు. వస్తే నిలబడతాడు, రాకపోతే అంగడి గది వదులుకోవాలి. ఆ గది మీద నాకు కన్ను. పెళ్ళిళ్ళకు అమ్మే సామాను పేర్చడానికి చోటు చాలక, గది ఓనరుతో అప్పటికే ఒక మాట కదిపి ఉంచాను. ఖాజాకు తెలియదు.

మా బజారులో ఒక పద్ధతి. కాగితాలు ఎన్ని పెట్టినా, అప్పు ఇచ్చేవాడు పక్క అంగట్లో కూర్చుని విచారిస్తాడు. పక్కవాడు "నడుపుతాడు సార్" అంటే చాలు. బ్యాంకాయన నా దగ్గరికే వచ్చాడు. టీ తెప్పించాను. ఖాజా మళ్ళీ నిలదొక్కుకుంటాడా అని అడిగాడు.

బేరంలో ధర ఎదుటివాడి నోటితోనే చెప్పించాలి. మా నాయన నేర్పిన విద్య.

"పక్కోణ్ణి నన్నడిగితే ఎట్ల సార్? రేపు వాని మొగం చూడాల గదా."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఖాళీ చేసేటట్టున్నాడా?"

తల ఊపాను.

అబద్ధం ఆడలేదు కదా అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. తల ఊపితే అబద్ధం కాదా? గది కోసమే ఊపానా, లేక చదువుకున్న ఆఫీసరు చేత నాకు కావలసిన మాట అనిపించగలిగానన్న మురిపెంతో ఊపానా? రెండోదే అయితే నేను అనుకున్నదానికంటే నీచుణ్ణి.

లోను రాలేదు. ఖాజా వచ్చి నా గల్లాపెట్టె పక్కన నిలబడ్డాడు.

"బ్యాంకాయప్ప నీ తాన కూచున్నాడంట గదప్పా. నా సంగతేమన్నా అడిగినాడా?"

"లేదు ఖాజా. చెంబుల ధర అడిగి పాయె."

"అట్లనా. అడిగింటే నువ్వు చెప్పేటోనివి."

దినవడ్డీకి తెచ్చి కొన్నాళ్ళు లాగాడు. వడ్డీకే సరిపోయింది. గది ఖాళీ చేసినరోజు, దాన్ని నేనే తీసుకుంటున్నానని తెలిసి, తాళం చెవి నా చేతిలోనే పెట్టి, బయటివాడికి పోయేకంటే నీకే రావడం మేలు అన్నాడు. నెల తిరక్కుండా గోడ కొట్టించాను. ఇప్పుడతను ఆటోలో మిషను పెట్టుకుని ఆత్మకూరు వైపు పల్లెల్లో పాత పరుపులు ఏకుతున్నాడు. కర్నూలు వచ్చినప్పుడల్లా నా అంగట్లో కూర్చుని టీ తాగి పోతాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వడు.

ఇదంతా చెప్పాల్సింది అతనికి. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీకు చెబితే నాకు నష్టం లేదు. ఒప్పుకోవడంలోనూ అగ్గువ బేరమే చూసుకున్నాను. మీరు క్షమించినా చెల్లదు, అడగను కూడా. కానీ ఇన్నేళ్ళుగా నాలో నేనైనా అనుకోని ఒక్క మాట ఇప్పుడు అనగలుగుతున్నాను. ఖాజా అంగడిని కరోనా మూయలేదు, నేను మూయించాను.

కాస్త ఊపిరి ఆడుతోంది.