బిస్కెట్ల డబ్బాలో కళ్ళజోడు

కంట్లో వేసిన చుక్కల మందు మొదట చల్లగా తగిలి, ఆ వెంటనే మండింది. పిలిచేదాకా కళ్ళు మూసుకుని కూర్చోమని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. ఆసుపత్రి వరండాలో ఎవరిదో బిడ్డ ఏడుపు, దూరంగా రైలు కూత, పక్కన ఎవరో కాగితం సంచిలోంచి పల్లీలు తింటున్న చప్పుడు. నేను ఎక్కువసేపు మూసుకోలేక కళ్ళు తెరిచాను. కళ్ళజోడు లేదు. నన్ను తీసుకొచ్చిన మా అమ్మాయి హారిక దాన్ని తన బ్యాగులో వేసుకుని, ఫోను మోగితే బయటికి వెళ్ళింది. ఎదుటి వరసలో కూర్చున్నవాళ్ళకు ముఖాల్లేవు. కిటికీ పక్కన ఒక తెల్లటి ఆకారం, దాని ఒళ్ళో ఒక నల్లటి ఆకారం, వెనక బూడిదరంగు గోడ. తెల్లచీరలో ఉన్న పెద్దావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుందని తెలియడానికి ఆమె కళ్ళూ ముక్కూ నాకు అక్కర్లేకపోయాయి. అప్పుడే, "మొదలు ఏం గనబడ్డది?" అని ఎవరో చెవి దగ్గర అడిగినట్టనిపించింది. ఆ ప్రశ్న అనసూయ టీచర్‌ది.

అనసూయ టీచర్ ఏదో బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యి, బోయిగూడలో తన మేడమీది గదిలో ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం సందు చివరిదాకా వినపడేది. హారిక ఆరో తరగతిలో ఉండగా దాన్ని స్కూటర్ మీద అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. నేను రాంగోపాల్‌పేట్‌లో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. గుంటూరు వైపు నుంచి వచ్చి, గీతని నమ్ముకుని ఈ ఊళ్ళో స్థిరపడ్డవాణ్ణి. గోడ అంటే గోడ మందం, తలుపంటే తలుపు తెరుచుకునే వైపు, ఏదీ వదలకుండా గీయడమే నా వృత్తి. ఇంజనీర్లు నా గీతను మెచ్చుకునేవాళ్ళు. అందుకే కూతురికి బొమ్మలు చెప్పే మనిషి ఎలా చెబుతుందో దగ్గరుండి చూడాలనిపించింది.

"సారూ, బిడ్డను ఇడిసిపెట్టి పోరాదుండ్రి?" అన్నారావిడ మొదటిరోజే.

"కూర్చుంటానండీ. మీరేం చెబుతారో నేనూ చూద్దామని."

"కూసోండ్రి. గని నోరు మూస్కోని కూసోవాలె."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది హారికే.

ఆ గదిలో రెండు కిటికీలుంటే ఒకటి మూసేసేవారు. తెరిచిన కిటికీ పక్కన స్టూలు మీద ఒక ఆవకాయ జాడీ, ఒక ఇటుక, ఒక నల్లగుడ్డ. పిల్లలకు పెన్సిళ్ళు ఇచ్చేవారు కాదు. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్ల కాగితం, పాత వార్తాపత్రికలు, నల్ల చార్టు, కాస్త మైదా జిగురు. అంతే. జాడీని చూసి, వెలుగు పడ్డచోట తెల్లకాగితం, చీకటిగా ఉన్నచోట నల్లకాగితం, నడిమధ్యకి పత్రిక కాగితం చేత్తో చింపి అతికించాలి. అచ్చు వేసిన పత్రిక దూరం నుంచి బూడిదరంగులోనే కనిపిస్తుందని నాకు అక్కడే తెలిసింది. కొన్ని ఆదివారాలు చూసి ఊరుకోలేక, పెన్సిల్ ఎప్పుడు పట్టిస్తారని అడిగాను.

"పెన్సిలిస్తే పోరగాండ్లు నోట్లె పండ్లు ఒక్కొక్కటే గీసుకుంట కూసుంటరు సారూ. ముఖం మర్సిపోతరు" అన్నారు.

కొన్ని నెలలకు పిల్లల చేతికి బొగ్గు ఇచ్చారు. హారిక ఆ మేడమీది నుంచి కనిపించే సందుని వేసి ఇంటికి తెచ్చింది. పొద్దుటి ఎండ. ఒకవైపు ఇళ్ళన్నీ కలిసి ఒకే నలుపు. రెండోవైపు ఇళ్ళన్నీ కాగితం తెలుపు. మధ్యలో దారి బూడిదరంగు. దాన్ని తనే వంటింటి తలుపు మీద అతికించుకుంది. మా ఆవిడ చూసి, "ఎండ భలే వచ్చిందే!" అంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకు అందులో లేనివే కనిపించాయి. కిటికీల్లేవు, కరెంటు తీగల్లేవు, నీళ్ళ ట్యాంకుల్లేవు, మూలమీది కిరాణా కొట్టు బోర్డు లేదు.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక ఆ బొమ్మను జాగ్రత్తగా ఊడదీసి, నా డ్రాయింగ్ పెన్నుతో కూర్చున్నాను. తెల్లటి వైపు కిటికీలకు ఊచలు గీశాను. నల్లటి వైపు పెన్ను ఆనకపోతే బ్లేడుతో బొగ్గు గీకి మరీ తలుపులు పెట్టాను. తీగలు లాగాను. బోర్డు మీద అక్షరాలు కూడా రాసి, మళ్ళీ ఆ తలుపు మీదే అతికించాను. కూతురికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను. అది నన్ను నేను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ప్రేమగా చేస్తున్నాననుకుంటూ చేసిన పనులే నా జీవితంలో ఎక్కువ నష్టం చేశాయి, అందుకని చెబుతున్నాను.

సాయంత్రం హారిక సంచి భుజాన ఉండగానే ఆ తలుపు ముందు ఆగిపోయింది.

"ఇది నాది కాదు."

"నీదేనమ్మా. కొంచెం మిగిలిపోతే పూర్తి చేశాను."

"అది అయిపోయింది నాన్నా. అయిపోయిందనే అతికించాను."

ఏడవలేదు. ఏడిస్తే బుజ్జగించేవాణ్ణి, అది నాకు తేలికయ్యేది. తర్వాతి ఆదివారం కడుపునొప్పి అంది. ఆ పై ఆదివారం కారణం కూడా చెప్పలేదు. అది మళ్ళీ బొగ్గు ముట్టుకుంటుందా లేదా అన్న భయం నాకు అప్పుడు పట్టుకుంది. టీచర్ చెబితే వింటుందేమోనని ఆ బొమ్మ చుట్టుకుని ఒక్కణ్ణే బోయిగూడ వెళ్ళాను. పిల్లకి జ్వరమని అబద్ధం కూడా చెప్పాను.

ఆవిడ బొమ్మను చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని, కళ్ళు సగం మూసి చూశారు. తర్వాత నన్ను కూడా అలాగే చూశారు.

"బ్లేడు పెట్టింది నువ్వేనా సారూ?"

"అవునండీ. ఆ నీడవైపు తలుపులు ఉన్నాయి కదండీ..."

"ఉన్నయి. నాకు ఎరుకనే, ఈడనే ముసలిదాన్నైన. గంత నీడల గవి గింత సాఫ్ గ గనబడ్తయా? ఉన్నయన్ని ఎయ్యాల్నా? బిడ్డ ఎండను జూసింది. నువ్వు ఇండ్లు జూసినవ్."

హారికను ఎలాగైనా ఒప్పించి పంపమంటారేమోనని చూస్తున్నాను.

"పిల్లను పరేషాన్ జెయ్యకు. బుద్ధి పుడితే అదే వస్తది. దాని జాగ ఖాళీగున్నది. వచ్చే ఐతారం నువ్వొచ్చి కూసో" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను సార్ అనలేదు.

పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, నా కూతురు కూర్చునే చాప మీద కూర్చున్నాను. మొదటిరోజే జాడీ అంచు నున్నగా రావాలని కాగితం మీద స్కేలు ఆనించి చింపాను. "గిదేంది? జాడీకి గోడ గడుతున్నవా?" అన్నారు టీచర్. ఇంకోసారి పత్రిక ముక్కలన్నీ అక్షరాలు నిలువుగా వచ్చేలా, తిరగబడకుండా సర్ది అతికిస్తుంటే పక్కనున్న పిల్ల చూసి ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పేపర్ ఇంట్ల సద్వుకొని రాలేదా నాయనా?" అన్నారు. గది గదంతా నవ్వింది. కళ్ళు సగం మూయమంటే నా వల్ల అయ్యేది కాదు. మూసినట్టే మూసి సందులోంచి వివరాలు దొంగిలించేవాణ్ణి. ఒక రోజు ఆవిడ చెయ్యి చాపారు.

"అద్దాలు ఇటియ్యి."

"అవి లేకపోతే నాకేమీ కనపడదండీ."

"గదే గావాలె."

నా కళ్ళజోడు పాత బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళింది, మూత పడింది. ప్రతి ఆదివారం గడప దగ్గరే డబ్బా చాచేవారు. ఇంటికొచ్చాక కూడా నా కళ్ళజోడుకి కొబ్బరి బిస్కెట్ల వాసన వచ్చేది. ఆ సంగతి అన్నం దగ్గర మా ఆవిడతో మొరపెట్టుకుంటుంటే, పక్కన తలవంచుకుని తింటున్న హారికకు పొలమారింది. నవ్వుతోంది. తలుపు మీది బొమ్మ తర్వాత నా మాటకి అది నవ్వడం అదే మొదలు.

అన్నిటికంటే కష్టపడింది ఆ జాడీ దగ్గరే. తెల్ల పింగాణీ జాడీ, కింద నల్లగుడ్డ. జాడీ మొత్తానికీ తెల్లకాగితం, గుడ్డ మొత్తానికీ నల్లకాగితం అతికించేవాణ్ణి. ప్రతిసారీ అది గోడకి అతికించిన బిళ్ళలా ఉండేది, జాడీలా గుండ్రంగా నిలబడేది కాదు. ఒకరోజు ఆవిడ పత్రిక ముక్క ఒకటి చింపి, నా కంటికి జాడీ పక్కన కనపడేలా పట్టుకున్నారు.

"కిటికీకి అవతలి పక్క జూడు. ఈ ముక్క తెల్లగున్నదా, జాడీ తెల్లగున్నదా?"

చూశాను. నీడలో ఉన్న జాడీ పక్క ఆ బూడిదరంగు కాగితం కంటే నల్లగా ఉంది. అదే ముక్కను ఎండ పడుతున్న నల్లగుడ్డ మడత పక్కన పెట్టారు. ఆ మడత జాడీ నీడ కంటే తెల్లగా ఉంది. నేను నమ్మలేక లేచి దగ్గరకి వెళ్ళబోయాను.

"కూసో. దగ్గరికి బోతే మళ్ళ తెల్లజాడీ అయితది. అది తెల్లదని నీకు ఎరుక. ఎరుకైంది జెర పక్కకు వెట్టు. ఇప్పుడు కంటికి ఏమున్నదో గదెయ్యి."

ఆ రోజు మొదటిసారి జాడీ నీడనీ, దాని వెనక గుడ్డ నీడనీ కలిపేసి ఒకే నల్లముక్క అతికించాను. రెంటి మధ్య అంచు పోయింది. రెండు వేరువేరు వస్తువుల మధ్య గీత లేకుండా వదిలెయ్యడం నా వృత్తిలో పెద్ద తప్పు. కానీ వెనక్కి జరిగి చూస్తే జాడీ గుండ్రంగా, బరువుగా స్టూలు మీద కూర్చుని ఉంది. టీచర్ నా భుజం తట్టి పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

స్కూటర్ మీద ఇంటికి వస్తూ ఆ మాటే ఆలోచించాను. ఎరుకైంది పక్కకు పెట్టడం. హారిక నిర్లక్ష్యపు పిల్ల అని నాకు 'ఎరుక', అందుకే దాని బొమ్మలో లేనివన్నీ దాని నిర్లక్ష్యమే అనుకున్నాను. మా ఆవిడ చేతికి ఉప్పు కొలత తెలియదని నాకు 'ఎరుక', అందుకే పెళ్ళయిన నాటి నుంచీ కంచం ముందు నేను మొదట మాట్లాడింది ఉప్పు గురించే. ఆ మధ్యాహ్నం ఏమీ మాట్లాడకుండా పప్పన్నం తిన్నాను. ఒంట్లో బాగాలేదా అని మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

హారిక మళ్ళీ ఆ గదికి రాలేదు. కానీ ఇంటర్‌లో ఉండగా ఒక సెలవురోజు చేతులు కడుక్కునే తొట్టి అంచున నల్లటి మరక కనిపించింది. బొగ్గు. దాని వేలిముద్ర. తుడవబోయి ఆగిపోయాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మరకలు చూస్తూనే ఉన్నాను. దాని గది తలుపు వేసి ఉండేది, నేను తట్టలేదు. ఒక్కసారి చూపించమని అడగాలని నోటిదాకా వచ్చేది. తట్టకపోవడంలో కొంత బుద్ధి, కొంత భయం. ఎంత ఏదో ఇప్పటికీ చెప్పలేను.

టీచర్‌ని చివరిసారి చూసింది బొల్లారంలో, వాళ్ళ చెల్లెలి ఇంట్లో. అప్పటికి మంచానికి అతుక్కుపోయారు. గొంతు మాత్రం తగ్గలేదు.

"బిడ్డ బొమ్మలేస్తుందా?"

"వేస్తోందండీ. నాకు చూపించదు."

"అడిగినవా?"

"లేదు."

"మంచిగ జేసినవ్. అడగకు." కాసేపు ఆయాసం తీర్చుకుని మళ్ళీ అన్నారు: "చూపిచ్చిననాడు ఏమంటవ్?"

బాగుందంటాను అన్నాను. ఆవిడ మొహం చిట్లించారు.

"బాగుందని దారిన బోయేటోడు సుత అంటడు. వెల్తురు యాడికెల్లి వస్తున్నదో గది జెప్పు. చూసినవని దానికి ఎరుకైతది. గంతే సాలు."

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవిడ పోయారు. ఆ బిస్కెట్ల డబ్బా ఏమైందో నాకు తెలియదు.

వరండా చివర తలుపు తెరుచుకుంది. వెలుగు లోపలికి పడి, దాని మధ్య ఒక ముదురు ఆకారం. ఎడమ భుజం కొంచెం వంగి ఉంది. ముఖం లేకపోయినా హారికే అని తెలిసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"మందు పూర్తిగా పనిచేసిందా నాన్నా? నేను ఎట్లా కనిపిస్తున్నాను?"

"ముద్దలా కనిపిస్తున్నావు."

"గుడ్. ఇదే కరెక్ట్ టైమ్." లేచి, ఎదుటి గోడ దాకా వెళ్ళి, బ్యాగులోంచి పెద్ద కాగితం ఒకటి తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "కళ్ళజోడు నా దగ్గరే ఉంది, ఇవ్వను. ఇప్పుడే చూడు."

పక్కనాయన పల్లీలు తినడం ఆపేశాడు. నేను చూశాను. ఎక్కువ భాగం నలుపు. ఆ నలుపులోనే ఎవరో కూర్చున్నారు, మనిషికీ కుర్చీకీ మధ్య గీత లేదు. ఒక మూల నుంచి తెల్లటి వెలుగు వచ్చి, నుదుటి మీదా మోకాలి మీదా ఆగింది. నేనా, మా ఆవిడా, ఇంకెవరన్నానా, తెలియలేదు. ఎవరని అడగబోయి మింగేశాను.

"వెలుగు ఎడమవైపు నుంచి వస్తోంది" అన్నాను. "కాస్త పైనుంచి. పొద్దుటిదనుకుంటా."

కాగితం కొద్దిగా కదిలింది.

"పొద్దుటిదే" అంది హారిక. కాగితం కొంచెం దించి అడిగింది. "కళ్ళజోడు ఇచ్చేయనా నాన్నా?"

"ఇప్పుడే వద్దులే" అన్నాను. "ఇంకాసేపు అట్లాగే పట్టుకో."