కాంటా గది గోడ మీది పాస్‌వర్డ్

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, పత్తి సీజన్ జోరు మీదున్న రోజుల్లో, కరీంనగర్ నుంచి నన్ను ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లుకు పంపారు. మిల్లులకూ గోదాములకూ సాఫ్ట్‌వేర్ అమర్చే ఒక చిన్న సంస్థలో అప్పటికి నేను ఆపరేషన్స్ మేనేజర్‌ని. ఎంబీఏలో ఆపరేషన్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ తీసుకుంటే ఏం పని దొరుకుతుందని పిల్లలు నన్ను అడుగుతుంటారు. సరుకు ఎటు నుంచి ఎటు పోతోంది, దాని గురించి కంప్యూటర్ నిజం చెబుతోందా అని చూడడమే మా పని. ఆ రెండూ కలవకపోతే మనుషుల్ని అనుమానించడం కూడా అందులో భాగమే. ఆ విద్యలో నాకు మంచి పేరే ఉండేది.

మిల్లు అన్నదమ్ములది. పెద్ద సేటు యవత్మాల్‌లో ఉంటారు, రోజూ మిల్లు నడిపేది చిన్న సేటు. కొన్న పత్తికి తగ్గ దూదీ గింజలూ రావడం లేదని పెద్ద సేటు గొడవ పెట్టారట. నేను ఇంకా కుర్చీలో కూర్చోకముందే చిన్న సేటు దొంగను చూపించేశారు. మౌనిక, సిస్టమ్స్ ఎగ్జిక్యూటివ్. శ్రీరాంపూర్ అమ్మాయి, తండ్రి బొగ్గుగని కార్మికుడు, ఎంబీఏ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. "రేపు మీ రిపోర్టు చేతికి రాంగనె పోలీస్ స్టేషన్‌కు పోత మేడం," అన్నారాయన. అంత తొందర నాకు నచ్చలేదు.

అయినా ఆయన మాటకు ఆధారం ఉంది. పత్తి బండిని కాంటా మీద రెండుసార్లు తూస్తారు, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పత్తి దించాక ఒకసారి. ఆ తేడాయే పత్తి బరువు. కొన్ని బండ్ల ఖాళీ బరువును తర్వాత ఎవరో తగ్గించారు, దాంతో రాని పత్తి వచ్చినట్టు తేలింది, దానికీ అమ్మినవాళ్ళకు డబ్బు ముట్టింది. తూకం దిద్దే అధికారం మౌనిక లాగిన్‌కు తప్ప దేనికీ లేదు. దిద్దిన ప్రతిసారీ నమోదైన పేరు ఆమెదే.

పిలిపించాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. కన్నీళ్ళు చూసి నమ్మే రకాన్ని కాను నేను. నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసని అడిగాను.

"అందరికి తెల్సు మేడం. కాంటా కాడ గుమాస్తా విఠల్ కాక అడిగిండు. పెద్దమనిషి అడిగితె చెప్పనంటె మంచిగుంటదా?"

వెళ్ళి చూద్దును కదా, కాంటా గది గోడ మీద, దేవుడి పటం పక్కనే, సుద్దముక్కతో రాసి ఉంది! ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువు చదివి ఇదేం పనే తల్లీ అని అక్కడే కడిగేశాను. "పోలీసోళ్ళు మా క్వార్టర్ కాడికి రాకుండ చూడున్రి మేడం. మా బాపు బయట తిరగలేడు," అంది అంతే.

నా చూపు విఠల్ మీద పడింది. అడక్కుండానే చాయ్ తెచ్చాడు. "కాంటా ఎన్నడు తప్పు సూపదు మేడం, మీరు ఫికర్ చెయ్యకున్రి," అని అదీ అడక్కుండానే చెప్పాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ని నేను అంత తేలిగ్గా వదలను.

మర్నాడు పొద్దున పెద్ద సేటు వచ్చారు. పరిశీలన అయిపోయింది, ఇక రిపోర్టు రాసుకోవడమే అని అందరికీ వినబడేలా చెప్పాను. అంతకుముందే మౌనిక పాస్‌వర్డ్ మార్చేశాను, ఆ అధికారం మా సంస్థకుంది. ఆమెకు కూడా చెప్పలేదు. ఆమె మీదా నా అనుమానం పోలేదు మరి. పరిశీలన అయిపోయిందన్న ధైర్యంతో మళ్ళీ తూకం దిద్దబోయేవాళ్ళకు లాగిన్ తెరుచుకోకపోతే ముందు ఆమెనే అడుగుతారని నా ఆలోచన. ఆమె గదిలోనే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెద్ద సేటును కూడా అక్కడే ఉండమన్నాను. కిటికీలోంచి విఠల్‌ను కనిపెడుతున్నాను. బండ్లు వస్తున్నాయి, తూస్తున్నాడు, మధ్యలో ఎవరితోనో మరాఠీలో పరాచికాలాడుతున్నాడు. ఎంతసేపు చూసినా ఇటు రాడే!

మౌనిక టేబుల్ మీది ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కమని సైగ చేశాను. పక్క గదిలోంచి చిన్న సేటు.

"ఏం పిల్లా, పాస్‌వర్డ్ మార్చినవా? పాతది కొడితె తీస్కుంటలేదు. జర జల్ది చెప్పు."

మౌనిక బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. పెద్ద సేటు ఫోన్ దగ్గరికి వంగారు.

"గా పోరి పాస్‌వర్డ్ తోని నీకేం పని తమ్మీ?"

అవతల ఫోన్ టక్కున పెట్టేశారు.

తూకం దిద్దిన బండ్లన్నీ చిన్న సేటు బావమరిదివని ఆ మధ్యాహ్నమే పెద్ద సేటు ఆరా తీసి తేల్చారు. పోలీసుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. "నన్ను దొంగ అన్నడు మేడం, అందరి ముంగట అన్నడు," అని మౌనిక పళ్ళు కొరికింది. ఆ కోపం చూసి నాకు సంతోషమేసింది.

రిపోర్టులో, మార్పులన్నీ మౌనిక లాగిన్ నుంచే జరిగాయన్న వాక్యాన్ని నేను తీసేయలేకపోయాను. అది నిజం. దాని కింద, అవి ఆమె చేసినవి కావని ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టాను. ఆ రెండో వాక్యం రాసేవాళ్ళు ప్రతిచోటా దొరకరు. అందుకే ఈ ఉద్యోగాల్లోకి వచ్చే పిల్లలకు చెబుతుంటాను, పాస్‌వర్డ్ చెప్పనంటే పెద్దమనిషికి కోపమొస్తుందా, రానివ్వండి. ఆయన కోపం నాలుగు రోజులుంటుంది. పోలీసులు మాత్రం కంప్యూటర్‌లో ఎవరి పేరుంటే వాళ్ళింటికే వస్తారు.