మిల్లీమీటరు మేస్త్రి ఇంటి కారు

గుద్దుకున్న కార్లను బాగుచేసే ఆ మేస్త్రిని అందరూ మిల్లీమీటరు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. సొట్టలు తీసి, రంగు కొట్టి, మెరిసే కారును చేతికిచ్చేస్తే పని అయిపోయిందనుకునే రకం కాదు ఆయన. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా నూలుదారం బిగించి, మోకాళ్ల మీద కూర్చుని, ఇనప స్కేలుతో కొలుస్తాడు. తర్వాత అదే కారును, చక్రాల వంకర పట్టి చూపే ఎలైన్‌మెంటు మిషను ఎక్కించి మళ్లీ కొలుస్తాడు. రెండింటికీ తేడా వస్తే మిషన్ని అనుమానిస్తాడు. కారు గలవాళ్లు కాళ్లావేళ్లా పడినా సరే, ముప్ఫై ఏళ్లలో ఒక్క వంకర బండి ఆయన షెడ్డు గేటు దాటలేదు.

ఇక సొంత కారు సంగతంటారా, చెప్పుకుంటే సిగ్గుచేటు. పదకొండు నెలల కిందట ఇంటి ముందు నిలబెట్టిన కారును, వెనక్కి వస్తున్న రొట్టెల వ్యాను ఒకటి ఎడమ ముందు చక్రం మీద గుద్దింది. మేస్త్రి ఆ వారంలోనే సొట్ట తీశాడు, స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ వంగిపోతే మార్చాడు, రంగూ వేశాడు. చక్రాల ఎలైన్‌మెంటు ఒక్కటే మిగిలింది. "రేపు చూద్దాంలే" అన్నాడు భార్యతో. ఆ రేపు ఎప్పుడు వచ్చినా షెడ్డులో ఎవరో ఒకరి కారు అడ్డం పడేది. స్టీరింగు తిన్నగా పట్టుకుంటే ఇంటి కారు ఎడమకి పోయేది. కాస్త కుడికి తిప్పి పట్టుకుంటే బుద్ధిగా రోడ్డు మీద ఉండేది.

ఆ కారులోనే ఆయన భార్య డ్రైవింగు నేర్చుకుంది. సరదాకి కాదు. పద్నాలుగేళ్లుగా ఆమె ఆసుపత్రిలో ఓ కిటికీ వెనక కూర్చుని రోగుల పేర్లు చీటీల మీద రాస్తోంది. ఇప్పుడు మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి చూసి వచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఆ పని మీదే ఆమెకి ప్రాణం. కారు ఆసుపత్రివాళ్లదే, లైసెన్సు మాత్రం ఉండాలి. బుధవారంలోగా చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఇప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది కూడా. రెండో పరీక్ష సోమవారం పొద్దున పదింటికి.

ఆదివారం ఆమె అక్క ఇంటికి వెళ్లింది. ఇంట్లో ఖాళీగా ఉన్న మేస్త్రికి ఉన్నట్టుండి మనసు చివుక్కుమంది. పదకొండు నెలలు! ఊరందరి కార్లూ సరిచేసి, కట్టుకున్నదాన్ని వంకర కారులో తిప్పాడు. వెంటనే కారును షెడ్డుకి తోలుకుపోయి, దారం కట్టి, మిషనెక్కించి, సాయంత్రం దాకా కింద పడుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాడు. షెడ్డుకి అన్నం తెచ్చిన తల్లి తప్ప ఎవరూ చూడలేదు. భార్యకి చెప్పలేదు. పొద్దున స్టీరింగు పట్టుకోగానే తనే తెలుసుకుని ఆశ్చర్యపోతుందని ఆయన ఊహ.

ఆశ్చర్యపోవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

సోమవారం తొమ్మిదింటికి ఆమె స్టీరింగు ముందు, పక్కన మేస్త్రి, వెనక సీట్లో ఆయన తల్లి కూర్చున్నారు. ఆవిడను ఎవరూ రమ్మనలేదు, అయినా అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. కారు కదిలి, ఎన్నడూ లేనిది, కుడికి కొట్టుకుంటూ పోయి ఎదురింటివాళ్ల పూలకుండీని పడగొట్టి ఆగింది.

"అయ్యో, నా చేతులకేమైందండీ!" అంది భార్య.

"ఏమీ కాలేదు, కంగారుపడ్డావంతే. మళ్లీ తియ్యి."

మళ్లీ తీసింది. ఈసారి కారు కుడిపక్క కాలిబాట ఎక్కి కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్నటిదాకా వచ్చింది. ఇవాళ ఒక్కముక్క గుర్తులేదు. నాకిది రాసిపెట్టి లేదు, ఇంటికి పోదాం పదండి."

"నువ్వు బాగానే నడుపుతున్నావే" అంది అత్తగారు వెనకనుంచి. "రోడ్డే కుడికి పోతోంది. అయినా నిన్న వీడు పొద్దస్తమానం కారు కింద పడుకుని ఏం వెలగబెట్టాడో అడుగు."

మేస్త్రి కిటికీలోంచి ఎదురింటి కుండీని చాలా శ్రద్ధగా చూడసాగాడు.

"సరిచేశాను" అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.

"పదకొండు నెలలు మొత్తుకుంటే చెయ్యనిది, నిన్న ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

"నీకు మంచిదనే కదా..."

"మంచిదే. నా చేతులకి కుడికి తిప్పి పట్టుకోవడమే అలవాటైంది. ఎలా ఉండేదో అలా పెట్టెయ్యండి."

మేస్త్రి సీట్లోనే గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. "తిన్నగా ఉన్న బండిని తెలిసి తెలిసి వంకర చెయ్యమంటావా? నేనా?"

"తెలిసి తెలిసి ఇన్నాళ్లు వంకరగా ఉంచింది మీరేగా!"

"రేపు ఆసుపత్రి కారు తిన్నగా ఉంటుంది. అప్పుడేం చేస్తావు?"

"అది అప్పుడు నేర్చుకుంటాను. ముందు లైసెన్సు రానివ్వండి. టైము తొమ్మిదీ ఇరవై అయింది."

మేస్త్రి ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందకి దూరాడు. జాకీ, స్పానర్లు డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. అటు కడ్డీ ఒకటిన్నర చుట్టు, ఇటు కడ్డీ ఒకటిన్నర చుట్టు తిప్పాడు. చెయ్యి మొరాయించింది. తను సరిచేసిన దాన్ని తనే చెడగొట్టడం, అదీ నడిరోడ్డు మీద, పాల ప్యాకెట్లకి వెళ్లేవాళ్లంతా చూస్తుండగా. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ వంకరను కూడా కొలిచి మరీ పెట్టాడు. రెండు పక్కలా సమానంగా వచ్చేదాకా పైకి లేవలేదు. ముసలావిడ గట్టు మీద కూర్చుని, ఆగినవాళ్లందరికీ విషయం మొదట్నుంచీ చెప్పింది.

పదికి ఐదు నిమిషాలుందనగా పరీక్ష మైదానం చేరారు. ఆఫీసరు ఆమె పక్కన ఎక్కాడు. మేస్త్రి కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కనే డ్రైవింగు స్కూళ్లవాళ్లు, ఇంకో రెండు షెడ్ల మేస్త్రీలు ఉన్నారు. కారు డబ్బాల మధ్య వంపులు తిరిగింది, మిట్ట మీద ఆగి జారకుండా మళ్లీ కదిలింది, వెనక్కి వచ్చి గీతల మధ్య కొలిచినట్టు నిలబడింది. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఎంత బాగా నడుపుతోంది! ఇన్నాళ్లూ పక్కన కూర్చుని కూడా ఆ సంగతి చూడలేదు తను.

స్టీరింగు ఓ పక్కకి తిరిగి ఉండటం చూసి, ఆఫీసరు ఆమెను దింపి తనే దాని ముందుకి మారి, కారును రెండు గజాలు నడిపి, ఠక్కున ఆపి, కిందకి దిగాడు.

"ఎవరమ్మా ఈ స్టీరింగు బిగించింది? ఏ బుద్ధిలేనివాడు?" అని మైదానమంతా వినపడేలా అరిచాడు. కంచె దగ్గరివాళ్లంతా అటు తిరిగారు. ఆ ఆఫీసరు మేస్త్రికి కొత్త కాదు. కిందటి ఏడాది ఈ ఆఫీసరు కారునే రెండు మిల్లీమీటర్ల తేడా కోసం నాలుగు రోజులు ఆపేసి, పైగా క్లాసు పీకిన ఘనత మేస్త్రిదే. "మీ ఆయన షెడ్డులో కాదు కదా? ఆయన ఇలా చెయ్యడే!"

కారు అవతలి పక్క నిలబడి ఆమె మొగుడివంక చూసింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి" అన్నాడు. "ఇవాళ పొద్దున్నే చేశాను."

కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఆఫీసరు ఆయన చొక్కా మీది నూనె మరకలను పైనుంచి కిందిదాకా చూసి, కాగితం మీద సంతకం గీకాడు.

"ఇంత వంకర స్టీరింగుతో ఇంత తిన్నగా నడిపిందంటే ఈవిడకి ఏ బండైనా లెక్క కాదు. పాసు. రేపటికల్లా సరిచేసి తెచ్చి చూపించు మేస్త్రీ."

ఆమె కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇంకో షెడ్డువాళ్ల పనేనని చెప్పేస్తారనుకున్నాను" అంది మెల్లిగా.

"చెబుదామనే నోరు తెరిచాను" అన్నాడు మిల్లీమీటరు. "నువ్వు నావైపే చూస్తున్నావు."