గుండీలకు పదకొండు నిమిషాలు

బాలామణికి డెబ్భై ఎనిమిదేళ్ళు. అందులో యాభై రెండేళ్ళు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లోనే గడిచాయి. వాటిలో ముప్ఫై ఏళ్ళు బట్టలు సవరించే ఒక చిన్న దుకాణంలో పనిచేసింది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, కోట్లు వదులు చేయడం, చెడిపోయిన జిప్పులు మార్చడం ఆమె పని. పనిలో ఆమెకు ఒకటే నియమం: సవరించిన చోటు కంటికి కనిపించకూడదు. కాలక్రమంలో సంసారానికీ ఆ నియమమే వర్తింపజేసింది. కష్టమున్న చోటు బయటికి కనిపించనివ్వలేదు. అది ఎంతవరకు మంచిదో విచారించవలసిన అవసరం ఈ ఏడాది దాకా రాలేదు.

భర్త వెంకటరామారావుకు ఎనభై నాలుగు. యంత్రాల కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వెంట్రుక మందం గీతను వంకర లేకుండా గీసిన ఆ చేతులు ఆరేళ్ళుగా పార్కిన్సన్స్ వ్యాధితో వణుకుతున్నాయి. పిల్లలు లేరు. జనవరిలో ఆయన స్నానాలగదిలో పడిపోయారు. లేపబోయి బాలామణి మణికట్టు విరగ్గొట్టుకుంది. పై అంతస్తులో ఉండే సదియా తలుపు తట్టేదాకా ఇద్దరూ చల్లటి నేలమీదే కూర్చుని ఉన్నారు. ఇకమీదట ఇంట్లో సాగదని, హైమ్ చూసుకోమని డాక్టరు చెప్పాడు. రాత్రింబవళ్ళు మనిషిని కనిపెట్టుకుని ఉండే వృద్ధుల సంరక్షణాలయాన్ని ఇక్కడ అందరూ హైమ్ అనే అంటారు.

సదియా హైదరాబాదు మలక్‌పేట అమ్మాయి. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"హైమ్ బిల్లు మొత్తం చూసి పరేషాన్ కాకుండ్రి ఆంటీ. ఇందుల మూడు ముక్కలున్నయి. చూసుకునేదానికి ఒకటి, తిండికీ గదికీ ఒకటి, బిల్డింగు ఖర్చుకు ఒకటి. ఏ ముక్కకు ఎవరు సాయం చేస్తరో చూద్దాం."

తమ వీధి చివరి హైమ్‌లో సొంతంగా కట్టవలసింది నెలకు మూడువేల నాలుగువందల యూరోలు. ఊరి వెలుపల ఉన్నదానిలో రెండువేల ఎనిమిదివందలు. ఇద్దరి పెన్షన్లూ కలిపినా రెండింటికీ చాలవు.

"ఆ దూరపుదే తీసుకుందామమ్మా. ఆరువందలు తగ్గుతోంది కదా," అంది బాలామణి.

"ట్రామూ, రైలూ, మళ్ళ బస్సు. పోయి రానీకి మూడు గంటలు. వారానికి ఎన్నిసార్లు పోతరు?"

ప్రతిరోజూ వెళ్ళాలని బాలామణి కోరిక. యాభై ఏళ్ళుగా రోజూ చూసిన ముఖాన్ని ఇక వారానికి రెండుసార్లే చూడవలసివస్తుందన్న ఊహ ఆమెకు ఆయన జబ్బుకన్నా భారంగా ఉంది.

సదియా దారి వెతికింది. సంరక్షణ బీమా నెలనెలా కొంత ఇస్తుంది. మనిషి హైమ్‌లో ఉన్నకొద్దీ దాని సాయం ఏటేటా పెరుగుతుంది. బిల్డింగు ఖర్చుకు రాష్ట్రం ఇచ్చే సహాయం వేరే ఉంది. మిగిలిన లోటును నగరపు సాంఘిక సహాయ కార్యాలయం భరిస్తుంది. బ్యాంకులో వాళ్ళకున్న కొద్దిపాటి నిల్వ అందుకు అడ్డురాదు. అయితే వీటన్నిటికీ ఒకటే తలుపు. మనిషికి ఎంత సాయం అవసరమో బీమా తరఫు అధికారి ఇంటికి వచ్చి చూసి, ఒకటి నుంచి ఐదు వరకు ఒక స్థాయి నిర్ణయిస్తారు. కనీసం రెండో స్థాయి రాకపోతే ఆ తలుపు తెరుచుకోదు.

మార్చిలో పరీక్షాధికారిణి వచ్చి వెళ్ళింది. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది: మొదటి స్థాయి.

సదియా ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఆమె వచ్చిన్నాడు ఏం చేసిన్రు ఆంటీ?"

"ఏం చేస్తాం? ఇల్లు సర్దాను. గద్వాల చీర కట్టుకున్నాను. ఇంటికి మనిషి వస్తే నలిగిన చీరతో కూర్చుంటామా?"

"అంకుల్?"

"గడ్డం గీసి, స్నానం చేయించి, టై కట్టాను. తలుపు ఆయనే తీశారు. వేడివేడిగా గారెలు కూడా వేశాను. ఆవిడ ముట్టుకోలేదు, రూలు ఒప్పుకోదట."

"యా అల్లా! ఆమె పెళ్ళిచూపులకు వచ్చిందా ఆంటీ?"

కిటికీ పక్క కుర్చీలోంచి వెంకటరామారావు గొంతు వినిపించింది. "ఎంత చేసినా సంబంధం కుదర్లేదమ్మా సదియా."

ముగ్గురూ నవ్వారు. సదియా ముందుగా తేరుకుంది. "ఆమె పదింటికి వచ్చింది. అంకుల్‌ను తయారుచేయనీకి మీరు ఎన్నింటికి లేసిన్రు?"

"అయిదింటికి."

"ఆమెకు చెప్పిన్రా?"

"అడగలేదుగా. స్నానం తనే చేస్తారా అని అడిగింది. చేస్తారన్నాను. పరాయి మనిషి ముందు ఆయన్ని చిన్నబుచ్చనా?"

బాలామణి దృష్టిలో అది అబద్ధం కాదు, మర్యాద. కానీ మర్యాదకు ఒక గుడ్డితనం ఉంది. అది అతిథిని గౌరవిస్తుంది. అతిథి ఏ పనిమీద వచ్చాడో చూడదు.

నెలలోగా అభ్యంతరం తెలపవచ్చు. సదియా ఉత్తరం రాసింది. రెండు వారాలపాటు చేసిన ప్రతి సాయాన్నీ నిమిషాలతో సహా రాసిపెట్టమని బాలామణికి చెప్పింది. దుకాణంలో ఇతరుల నడుములూ భుజాలూ కొలిచి రాసుకున్న పాత నోటుబుక్కులో ఖాళీ పేజీలు మిగిలి ఉన్నాయి. ఆమె రాసింది: చొక్కా గుండీలు, పదకొండు నిమిషాలు. సాక్సులు, ఆరు. మంచంమీంచి లేపి కూర్చోబెట్టడం, తొమ్మిది. ఇలాంటివి కొలవడం తప్పని మొదట అనిపించింది. కొలిచినందువల్ల ఆప్యాయత ఏమీ తరగలేదు. తన అలసటకు మాత్రం మొదటిసారి ఒక ఆకారం వచ్చింది.

ఇంకొక సందేహం మిగిలింది. "సాంఘిక సహాయం అంటే ఊరికే తీసుకోవడమే కదండీ?" అని భర్తను అడిగింది.

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ పన్ను కట్టాను బాలా. ఆ డబ్బు ఎవరో ఒక ముసలాయనకు సాక్సులు తొడిగే ఉంటుంది. ఇప్పుడు నా కాళ్ళ వంతు."

మేలో మరొక అధికారి వచ్చాడు. ఇల్లు రోజూ ఉన్నట్టే ఉంది. బాలామణి నూలుచీరలో, బల్లమీద నోటుబుక్కుతో కూర్చుంది. ఆ రోజు సెలవు పెట్టిన సదియా పక్కనే కూర్చుని చెవిలో చెప్పింది: "మీరు లేస్తే చెయ్యి పట్టి గుంజుత."

అధికారి వెంకటరామారావును స్వెట్టరు తొడుక్కోమన్నాడు. ఒక చెయ్యి దూరింది. రెండోది చాలాసేపు వెతికి దారి దొరకబుచ్చుకుంది. తర్వాత గుండీలు. వేళ్ళు గుండీని పట్టుకునేవి, కాజా దగ్గరికి వెళ్ళేలోపు జారవిడిచేవి. బాలామణి చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. దాన్ని ఒడిలోకి తెచ్చుకుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఏ గుండీనీ అలా వదిలేసి ఊరుకోలేదు. చివరికి రెండు గుండీలు పడ్డాయి, అవీ తప్పు కాజాల్లో.

వెంకటరామారావు తల ఎత్తి జర్మన్‌లో నిదానంగా అన్నారు: "ఇది నా వల్ల కాదండీ. రోజూ నా భార్య పెడుతుంది."

ఆయన ముఖంలో చిన్నతనం ఏమీ లేదు. బాలామణి వెతికింది, కనిపించలేదు. ఇన్నేళ్ళూ తాను కాపాడుతున్నది ఆయన పరువునా, తన భయాన్నా అన్న ప్రశ్న ఆమెకు ఆ క్షణంలో తట్టింది. అధికారి నోటుబుక్కు తీసుకుని చివరిదాకా చదివాడు.

మూడో స్థాయి వచ్చింది. హైమ్‌లో చేరకముందే దరఖాస్తు ఇవ్వాలని, ఆలస్యమైతే వెనకటి నెలలకు ఇవ్వరని సదియా పట్టుబట్టి సహాయ కార్యాలయంలో కాగితాలు ముందుగానే పెట్టించింది. అన్ని ముక్కలూ కలిసి లోటు పూడింది. జూన్‌లో వీధి చివరి హైమ్‌లో గది ఖాళీ అయింది.

మొదటి రోజు అక్కడి పరిచారిక ట్రేలో కాఫీ తెచ్చింది. కప్పులు అందుకోవడానికి బాలామణి వెంటనే లేచింది.

"కూర్చో బాలా. ఇక్కడ నువ్వూ చుట్టానివే," అన్నారు వెంకటరామారావు.

ఆమె కూర్చుంది. ఒక గుక్క తాగి, పరిచారిక వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది: "నీళ్ళలా ఉందండీ."

"అయితే రేపు ఫ్లాస్కులో మన కాఫీ పట్టుకురా."

మర్నాడు పదింటికి ఆమె ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరింది. మెల్లగా నడిచినా ఏడు నిమిషాలే పట్టింది.