కిందికి కొట్టే తుపాకి

ఇప్పపూలు రాలే రోజులు దగ్గర పడుతున్నాయి. ఆలోగా నా రివాల్వరు బాగు చేయించుకోవాలి. పోలీసు చర్య జరిగిన నాలుగేళ్ళకు, ఒక మాఘమాసంలో, నేను హైదరాబాదు ప్రయాణం పెట్టుకున్నది అందుకే.

నేను పాకాల అడవిలో కలప కొట్టించే చిన్న గుత్తేదారుణ్ణి. నా రివాల్వరు బుల్‌డాగ్ రకం. పిడికిట్లో ఇమిడేంత పొట్టిది, గొట్టం మూడు వేళ్ళ పొడవు, తూటా మాత్రం బాగా లావు. ఐదు పడతాయి. పొదల్లో తిరిగేవాడికి పొడుగు తుపాకి అడ్డం. ఇదైతే నడుముకు కట్టుకుని పోవచ్చు. అది నడుముకు ఎక్కినప్పటినుంచి బేరాల్లో నా మాటకు ఎదురు రాలేదని, అది నాకు బాగానే ఉండేదని కూడా ఒప్పుకుంటాను.

కిందటేడు ఇప్పచెట్ల కింద, రాలిన పూలు తినవచ్చిన ఒక ఎలుగుబంటి, పూలేరుకుంటున్న మా బండి తోలే మల్లయ్య మీద పడింది. పది అడుగుల దూరంనుంచి రెండుసార్లు కాల్చాను. రెండు గుళ్ళూ నేలలో దిగాయి. చప్పుడుకు బెదిరి అది పారిపోయింది గాని, అప్పటికే మల్లయ్య ఎడమ భుజం చీల్చేసింది. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. "తుపాకి కిందికి కొడ్తది, పటేలేం జేస్తడు?" అని మొదట అన్నది మల్లయ్యే. కూలీలందరూ అదే అన్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మకపోతే నాకు అన్నం దిగేది కాదు.

పట్నం ఎన్నడూ చూడలేదని మల్లయ్య కూడా బయలుదేరాడు. పొద్దున ఐదున్నరకు నర్సంపేటలో బస్సు, ఎనిమిది కాకముందే వరంగల్లు, తొమ్మిదింటికి పాసింజరు. తుపాకితో ప్రయాణం చేసేవాళ్ళకు ఒక మాట: లైసెన్సు పెట్టె అడుగున పెట్టకండి. స్టేషన్లో జవాను అడిగేసరికి నేను పంచెలూ తువాళ్ళూ అన్నీ ప్లాట్‌ఫారం మీద పరవాల్సి వచ్చింది. లైసెన్సు చదివి అతను సలాం కొట్టాడు. మల్లయ్య పంచెలు మడతపెట్టబోయి, ఒంటి చేత్తో కుదరక నాకే ఇచ్చాడు.

జనగామలో ఒక ముసలమ్మ మిరపకాయల మూటతో ఎక్కి మా ఎదుట కూర్చుంది. మల్లయ్య చెయ్యి చూసి "ఏమైంది బిడ్డా?" అంది.

"గుడ్డెలుగు వడ్డదవ్వా."

"పక్కపొంటి ఎవ్వరు లేకుండిరా?"

"మా పటేలున్నడు. తుపాకే మోసం జేసింది."

ఆమె నా వంక చూసి, "గసొంటిది ఎందుకు మోస్తున్రు మరి?" అంది. నేను భువనగిరి కొండ వచ్చేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు.

రెండున్నరకు నాంపల్లిలో దిగాం. స్టేషను దగ్గర సరాయిలో గది కిరాయికి దొరికింది. శుభ్రంగానే ఉంది, నీళ్ళు మాత్రం పొద్దున ఏడింటిదాకానే వస్తాయి. ఇరానీ హోటల్లో బన్ను, చాయ్ ముగించి ఆబిడ్స్‌కు నడిచాం. పావుగంట నడకే గాని, అద్దాల దుకాణం కనపడినచోటల్లా మల్లయ్య ఆగిపోతే అరగంట పట్టింది.

తుపాకులు బాగుచేసే నర్సింగ్‌రావు దుకాణం ఒక సందు చివర ఉంది. అరవై దాటిన మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. వెనకవైపు పొడుగాటి గది, దాని చివర ఇసుక మూటలు, వాటి ముందు ఒక చెక్క.

"కిందికి కొడ్తాందా? ఎంత కిందికి?" అన్నాడు.

"జానెడు. ఒక్కోసారి మూరెడు."

ఆయన గొట్టంలోకి తొంగిచూశాడు, చక్రం తిప్పి చూశాడు, ఐదు తూటాలు పెట్టి వరసగా కాల్చాడు. గది అదిరిపోయింది. చెక్క మీద ఐదు చిల్లులూ అరచేతి కింద కప్పెయ్యొచ్చు.

"తుపాకిల ఏం ఖరాబ్ లేదు పటేల్ సాబ్."

"నా చేతిలో అలా కొట్టదు ఉస్తాద్" అన్నాను పట్టుదలగా.

"జర ఆగున్రి." అటు తిరిగి మళ్ళీ తూటాలు నింపి నా చేతికిచ్చాడు. మొదటిది కాల్చాను. చెక్క అడుగున మూటలోంచి ఇసుక కారింది. చూశారా అన్నట్టు ఆయన వైపు చూసి రెండోది నొక్కాను. టిక్కుమంది, అంతే. పేలలేదు. పేలకపోయినా గొట్టం మాత్రం జానెడు కిందికి వంగి ఉంది.

మల్లయ్య గోడకు ఆనుకుని చూస్తూనే ఉన్నాడు.

"గా రెండోది కాలిపోయిన ఖాళీ తూటా. నేనే వెట్టిన" అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "పెద్ద గుండు, పొట్టి గొట్టం. చెయ్యి ఎగిరేస్తది, చెవులు పగుల్తయి. గా సంగతి మీ చెయ్యికి ఎరుక. అందుకే ముందుగాలనే కిందికి దిగుతాంది. నా చెయ్యి గిట్లనే దిగుతుండె. మా నాయిన మాన్పించిండు. ఫికర్ జెయ్యకున్రి, పొద్దుగాల మల్ల రాన్రి."

ఆ సాయంత్రం ఆబిడ్స్‌లో ఏం చూశామో నాకు గుర్తులేదు. మల్లయ్య ముఖం చూడలేక రెండడుగులు ముందే నడిచాను. నాకు సిగ్గేసింది. ఏడాదిగా ఒక ఇనుప ముక్కను తిడుతూ వచ్చాను.

మరునాడు తొమ్మిదింటికి వెళ్తే ఉస్తాద్ గొట్టం మీద ఒక అణా బిళ్ళ పెట్టి, అది పడకుండా మీట నొక్కమన్నాడు. లోపల అన్నీ ఖాళీ తూటాలే. గంటసేపు బిళ్ళ పడుతూనే ఉంది, నేను ఏరుకుంటూనే ఉన్నాను. ఆఖరికి నాలుగుసార్లు వరసగా నిలిచింది. అప్పుడు నిజం తూటాలు ఇచ్చాడు. ఐదింటిలో మూడు చెక్కకు తగిలాయి. "ఇంటికాడ రోజూ జెయ్యున్రి, దవాఖాన మందు దాగినట్టు" అని పంపించాడు. బాగు చేసింది ఏమీ లేదని కూలి కూడా తీసుకోలేదు.

ఒంటిగంట బండి ఎక్కాం. ఘట్‌కేసర్ దాటింది. ఇక ఉండబట్టలేక నేనే అన్నాను.

"మల్లయ్యా, తప్పు తుపాకిది కాదు. నాదే."

"ఔ" అన్నాడు. "నాకు గప్పుడే ఎరుక."

"ఏం ఎరుక?"

"గుడ్డెలుగు కింద వడి నీ దిక్కే సూస్తున్న గద పటేలా. పేలకముందే నీ చెయ్యి నేలకు వంగింది."

"మరి తుపాకిదే తప్పని ఊరంతా ఎందుకు చెప్పావు?" అని అడిగాను.

మల్లయ్య కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో సర్దుకున్నాడు.

"నీదని అంటె నువ్వు మల్ల తుపాకి ముట్టకపోదువు. ఇప్పపూలకు మావోళ్ళు పోకుంట ఉండరు. గా అడవిల మాకు ఇంకెవరున్నరు చెప్పు?"